వెలుగిచ్చేదీ అదే, కరెంటు చేసేదీ అదే: పెరోవ్‌స్కైట్ నానోక్రిస్టల్ పరికరాల్లో దేన్ని ఎంచుకోవాలి?

ఒక పలుచటి పొర మీద ఎండ పడితే కరెంటు వస్తుంది, అదే పొరకి కరెంటు ఇస్తే వెలుగుతుంది. పెరోవ్‌స్కైట్ నానోక్రిస్టల్స్‌తో ఇది నిజంగానే జరుగుతుంది, ల్యాబుల్లో చేసి చూపించారు కూడా. పెరోవ్‌స్కైట్ అంటే ఒక తరహా స్ఫటిక నిర్మాణం; ఇక్కడివి సీసం, అయోడైడ్, బ్రోమైడ్ లాంటివి కలిసిన స్ఫటికాలు, నానోక్రిస్టల్స్ అంటే వాటి నానోమీటర్ల సైజు రేణువులు. అందుకే ఈ మధ్య రెండు రకాల వాళ్లు దీని గురించి అడుగుతున్నారు. ఇంటిమీద సోలార్ పెట్టించుకుందామనుకునేవాళ్లు "ఇది మార్కెట్లోకి వచ్చేదాకా ఆగితే మంచిదా" అంటున్నారు. ఎంటెక్, పీహెచ్‌డీ చేసేవాళ్లేమో "ఇందులో ఏ దారి పట్టుకోవాలి, అయోడైడా బ్రోమైడా, నానోక్రిస్టలా మామూలు ఫిల్మా (ద్రావణం పూసినప్పుడు అక్కడికక్కడే స్ఫటికంగా మారే పొర)" అంటున్నారు.

మొదటివాళ్లకి జవాబు చిన్నది: ఆగకండి. ఇవాళ దొరికే సిలికాన్ ప్యానెల్ 20 శాతం పైన సామర్థ్యంతో, 25 ఏళ్ల పవర్ వారంటీతో వస్తోంది. మామూలు ఎల్‌ఈడీ బల్బు వాటుకి 100 ల్యూమెన్ల దాకా వెలుగునిస్తోంది. ఈ రెండు పనుల్లో ఏ ఒక్కదానిలోనైనా వీటికి సాటివచ్చే జంట పరికరం, అంటే రెండు పనులూ చేసేది, కొనడానికి లేదు. అదీగాక చాలామంది మర్చిపోయే సంగతి ఇంకోటుంది. ఒకే పరికరం రెండు పనులూ ఒకేసారి చేయదు, పగలు చేసిన కరెంటుని ఎక్కడో దాచి రాత్రి తిరిగి ఇవ్వాలి, కాబట్టి బ్యాటరీ ఖర్చు ఎటూ తప్పదు. మేడమీద పడి ఉన్న పలక రాత్రి వెలిగితే ఎవరికి ఉపయోగం? విడివిడిగా కొనుక్కోండి, హాయిగా ఉంటుంది.

ఇక మిగతాదంతా రెండోవాళ్ల కోసం.

అసలు ఒకే పదార్థం రెండు పనులూ ఎలా చేస్తుంది

సోలార్ సెల్‌లో వెలుతురు ఎలక్ట్రాన్‌నీ హోల్‌నీ విడదీస్తుంది, మనం వాటిని చెరో పక్కకీ లాగేసుకుంటాం (హోల్ అంటే ఎలక్ట్రాన్ వదిలి వెళ్లిన ఖాళీ). ఎల్‌ఈడీలో మనమే రెండింటినీ చెరో పక్క నుంచి పంపిస్తాం, అవి మధ్యలో కలిసి వెలుగవుతాయి. రెండిటికీ ఉమ్మడి శత్రువు ఒకటే: వెలుగు ఇవ్వకుండా, కరెంటుగానూ బయటికి రాకుండా వేడిగా వృథా అయిపోయే కలయిక. స్ఫటికంలో లోపాలున్నచోట ఎలక్ట్రాన్లు ఇరుక్కుపోయి ఇలా వృథా అవుతాయి. ఆ లోపాలు తగ్గితే ఎల్‌ఈడీ కాంతి పెరుగుతుంది, సోలార్ సెల్ వోల్టేజీ కూడా పెరుగుతుంది.

దీనికి లెక్క కూడా ఉంది, 2007లో జర్మన్ శాస్త్రవేత్త ఊవె రౌ రాసిన సంబంధం. ఎల్‌ఈడీగా నడిపినప్పుడు పంపిన ప్రతి 100 ఎలక్ట్రాన్లకి ఎన్ని ఫోటాన్లు (వెలుగు కణాలు) బయటికొస్తున్నాయో కొలవండి. ఆ సంఖ్య పది రెట్లు పడిపోయిన ప్రతిసారీ, గది ఉష్ణోగ్రత దగ్గర సోలార్ సెల్ సుమారు 60 మిల్లీవోల్టులు పోగొట్టుకుంటుంది. 10 శాతం వెలుగిచ్చే పొర 60 మిల్లీవోల్టులు కోల్పోతే, 0.01 శాతం ఇచ్చేది 240 మిల్లీవోల్టులు కోల్పోతుంది. కాబట్టి మీరు పూర్తిగా సోలార్ మీదే పనిచేస్తున్నా సరే, పరికరాన్ని ఎల్‌ఈడీగా నడిపి చూడటం వృథా పని కాదు, లోపం ఎంతుందో అదే చెప్పేస్తుంది.

ఇక పెరోవ్‌స్కైట్ ప్రత్యేకత ఏంటంటే, లోపాలు ఉన్నా పెద్దగా బాధపడని పదార్థం ఇది. సిలికాన్‌లా వెయ్యి డిగ్రీలు దాటే కొలిమి అక్కర్లేదు, ద్రావణంలో కలిపి పూస్తే చాలు. 2009లో జపాన్‌లోని టోయిన్ యూనివర్సిటీలో మియసాకా బృందం మొదటి సెల్ చేసినప్పుడు సామర్థ్యం 3.8 శాతం. ఇప్పుడు ఒంటి పొర సెల్స్ 26 శాతం దాటాయి, సిలికాన్ మీద పెరోవ్‌స్కైట్ పెట్టిన జోడీ సెల్‌తో లాంగీ కంపెనీ 2024లో 34.6 శాతం అందుకుంది. ఎల్‌ఈడీ వైపు చూస్తే 2014లో కేంబ్రిడ్జ్‌లో రిచర్డ్ ఫ్రెండ్ బృందం గది ఉష్ణోగ్రత దగ్గర వెలిగే ఎల్‌ఈడీ చేసినప్పుడు సామర్థ్యం 1 శాతం కూడా లేదు, 2018కల్లా ఒకటికి నాలుగు బృందాలు 20 శాతం దాటించాయి.

2016 నాటి పరికరం: ఇక్కణ్నుంచే మొదలుపెట్టండి

సీజియం లెడ్ హాలైడ్ నానోక్రిస్టల్స్‌ని 2015లో జూరిక్‌లో కొవాలెంకో బృందం బయటపెట్టింది. 4 నుంచి 15 నానోమీటర్ల ఘనాలు. క్లోరైడ్, బ్రోమైడ్, అయోడైడ్ పాళ్లు మారిస్తే 410 నుంచి 700 నానోమీటర్ల దాకా ఏ రంగు కావాలంటే ఆ రంగు. సీసాలో ఉన్న ద్రావణం మీద 365 నానోమీటర్ల యూవీ టార్చి వేస్తే బ్రోమైడ్ సీసా కళ్లు జిగేలుమనేలా ఆకుపచ్చగా వెలుగుతుంది, ఒకసారి చూస్తే మర్చిపోలేరు.

ఆ మరుసటి ఏడే అమెరికాలోని నేషనల్ రెన్యూవబుల్ ఎనర్జీ లాబొరేటరీలో జోసెఫ్ లూథర్ బృందం సీజియం లెడ్ అయోడైడ్ నానోక్రిస్టల్స్‌తో సోలార్ సెల్ చేసింది. ఆ పరిశోధనా పత్రంలో మొదటి పేరు అభిషేక్ స్వర్ణ్‌కర్, పుణె ఐసర్ నుంచి వెళ్లిన విద్యార్థి. సామర్థ్యం 10.77 శాతం, ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ (కరెంటు తీయనప్పుడు ఉండే వోల్టేజీ) 1.23 వోల్టులు. అదే పరికరానికి బయటి నుంచి కరెంటు ఇస్తే తక్కువ వోల్టేజీకే వెలిగిందని కూడా చూపించారు. మనం మాట్లాడుకుంటున్న జంట పరికరానికి అచ్చమైన ఉదాహరణ ఇదే.

ఇందులో నానోక్రిస్టల్ ఎందుకు అవసరమైందో అర్థం చేసుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే. సీజియం లెడ్ అయోడైడ్‌ని మామూలు ఫిల్మ్‌గా పూస్తే, ఎండని పీల్చే నల్లటి రూపం 300 డిగ్రీలు దాటితేనే స్థిరంగా ఉంటుంది, చల్లారితే పనికిరాని పసుపు రూపంలోకి జారిపోతుంది. అదే నానోక్రిస్టల్ అయితే సైజు చిన్నది కాబట్టి ఉపరితల శక్తి ఆ నల్ల రూపాన్నే పట్టి ఉంచుతుంది, గది ఉష్ణోగ్రతలోనే నెలల తరబడి నల్లగా ఉంటుంది. అంటే ఇక్కడ నానో అనేది ఫ్యాషన్ కోసం పెట్టింది కాదు, అది లేకపోతే ఆ పదార్థమే నిలవదు.

ఇప్పుడు పైన చెప్పిన లెక్క ఇక్కడ వేసి చూడండి. ఈ పదార్థం బ్యాండ్‌గ్యాప్‌కి (అందులో ఎలక్ట్రాన్‌ని విడిపించడానికి కావలసిన కనీస శక్తి) సిద్ధాంతం ప్రకారం 1.45 వోల్టుల పైనే రావాలి, వచ్చింది 1.23. దాదాపు 220 మిల్లీవోల్టులు ఎటో పోయాయి. తిరగేస్తే, పంపిన ప్రతి పదివేల ఎలక్ట్రాన్లలో ఒకటో రెండో మాత్రమే వెలుగవుతున్నట్టు లెక్క. సోలార్‌గా పది శాతం దాటిన పరికరం, దీపంగా ఇంత బీదగా ఉంది. ఎందుకు?

రెండు పనులకీ పొత్తు కుదరని చోట్లు

మొదటిది మందం. ఎండని బాగా పీల్చాలంటే పొర 300 నుంచి 500 నానోమీటర్లు ఉండాలి. ఎల్‌ఈడీలో వెలిగే పొర అందులో పదో వంతు, 20 నుంచి 50 నానోమీటర్లు చాలు, ఎందుకంటే ఎలక్ట్రాన్లూ హోల్సూ ఇరుకు చోట చిక్కుకుంటేనే త్వరగా కలుస్తాయి. మందం పెంచితే దీపం మసకబారుతుంది, తగ్గిస్తే సూర్యకాంతిలో చాలా భాగం పొరని దాటి వెళ్లిపోతుంది. రెండింటికీ సరిపోయే మందం లేదు, ఉన్నదల్లా మీరు ఎటు మొగ్గుతారన్నదే.

రెండోది లిగాండ్లు, అంటే స్ఫటికం ఉపరితలాన్ని పట్టుకుని ఉండే అణువులు. అసలు గొడవంతా ఇక్కడే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. నానోక్రిస్టల్స్ తయారుచేసేటప్పుడు అవి ఒకదానికొకటి అతుక్కుపోకుండా ఓలిక్ ఆసిడ్, ఓలైల్ అమీన్ వేస్తాం. 18 కార్బన్ల పొడవైన గొలుసులు ప్రతి స్ఫటికం చుట్టూ పట్టుకుంటాయి. వీటి వల్లే ఉపరితల లోపాలు కప్పబడి వెలుగు బాగా వస్తుంది, వీటి వల్లే కరెంటు ఒక స్ఫటికం నుంచి ఇంకోదానికి దాటలేదు. దీపానికి అవి ఉండాలి, సోలార్‌కి అవి పోవాలి.

పోగొట్టే పద్ధతి ఇలా ఉంటుంది. ఆక్టేన్‌లో ఉన్న నానోక్రిస్టల్స్‌ని స్పిన్ కోటర్ (పలకని వేగంగా తిప్పి ద్రావణాన్ని పలుచగా పరిచే యంత్రం) మీద ఒక పొర పూస్తారు, ఆ గాజుపలకని లెడ్ నైట్రేట్ కలిపిన మిథైల్ అసిటేట్‌లో ఒక్క క్షణం ముంచి తీస్తారు, శుభ్రమైన మిథైల్ అసిటేట్‌తో కడిగి మళ్లీ తిప్పుతారు. ఇలా మూడు నుంచి ఐదు పొరలు. ఎక్కువసేపు ముంచితే స్ఫటికాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి పెద్దవై పసుపు రూపంలోకి పోయే ప్రమాదం, తక్కువ ముంచితే గొలుసులు అలాగే ఉండిపోతాయి. ఇంకో చిత్రం కూడా ఉంది. మిథైల్ అసిటేట్ తనంతట తాను ఓలియేట్‌ని (ఓలిక్ ఆసిడ్ నుంచి వచ్చిన గొలుసుని) ఊడబెరకదు, గాలిలోని కొద్దిపాటి తేమతో విడిపోయి అసిటిక్ ఆసిడ్ ఇస్తుంది, అసలు పని చేసేది ఆ ఆసిడే. అంటే మీ ల్యాబులో ఆరోజు తేమ ఎంతుందో దాన్నిబట్టి ఫలితం మారుతుంది. హైదరాబాద్‌లో జనవరిలో వచ్చిన నంబరు ఆగస్టులో రాకపోతే కెమికల్ సీసాని అనుమానించే ముందు గోడ మీద హైగ్రోమీటర్ చూడండి, పుస్తకంలో ప్రతి శాంపిల్ పక్కనా తేమ శాతం రాసుకోండి. విశాఖలో అయితే ఏడాదంతా ఇదే పని.

ఈ గొలుసులు తీశాక మిగిలే ఖాళీలని ఫార్మమిడినియం అయోడైడ్ లాంటి చిన్న అణువులతో నింపితే ఛార్జి కదలిక మెరుగవుతుంది. అలా 2017లో అదే అమెరికా ల్యాబు 13.43 శాతానికి వెళ్లింది. 2020లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ సీజియం, ఫార్మమిడినియం (సీజియం చోట కూర్చోగల చిన్న సేంద్రియ అయాన్) కలిపి 16.6కి తీసుకెళ్లింది, 2024లో దక్షిణ కొరియాలోని యూనిస్ట్ యూనివర్సిటీ 18.1కి చేర్చింది. ఇవన్నీ సోలార్ నంబర్లే, దీపం నంబర్లు కావు. పత్రాలు చదివేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి.

మూడోది రంగు. దీని గురించి చాలామంది ఆలోచించరు గానీ, ఎంపికని నిజంగా తేల్చేది ఇదే.

అయోడైడా, బ్రోమైడా, ఫార్మమిడినియమా

మన కన్ను అన్ని రంగుల్నీ ఒకేలా చూడదు. 555 నానోమీటర్ల పచ్చటి వెలుగుకి 100 మార్కులు వేస్తే 520 దగ్గర 70 దాకా వస్తాయి, 650 ఎరుపు దగ్గర 10, 680 దగ్గరికి వెళ్లేసరికి 2 మార్కులు కూడా రావు. ఇప్పుడు పదార్థాల్ని ఈ కొలబద్ద మీద పెట్టండి.

ఫార్మమిడినియం లెడ్ అయోడైడ్ బ్యాండ్‌గ్యాప్ 1.5 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, సూర్యకాంతికి బాగా సరిపోతుంది, చదరపు సెంటీమీటరుకి 25 మిల్లీఆంపియర్లు దాటే కరెంటు వస్తుంది. కానీ అది వెలిగితే వచ్చేది 800 నానోమీటర్ల దగ్గరి పరారుణం, కంటికి కనబడదు. దీపం, డిస్‌ప్లే అనుకుంటే ఇది పక్కన పెట్టేయండి. అయితే సెన్సర్లు, నాడి కొలిచే పట్టీలు, రాత్రి కెమెరాలకి పరారుణమే కావాలి, అక్కడ ఇదే అన్నిటికంటే మంచి ఎంపిక. వెలుగంటే కనబడేదే అనుకుని దీన్ని కొట్టిపారేయకండి.

సీజియం లెడ్ బ్రోమైడ్ దీనికి పూర్తిగా ఎదురు. 515, 520 నానోమీటర్ల ఆకుపచ్చ, కన్ను ఇష్టపడే చోటే ఉంది, రంగు స్వచ్ఛంగా ఉంటుంది, మూడింటిలో గట్టిది కూడా ఇదే, తేమనీ వేడినీ కాస్త తట్టుకుంటుంది. దీపంగా దీనికి తిరుగులేదు. కానీ 530 నానోమీటర్ల అవతల ఉన్న సూర్యకాంతిని అసలు పట్టుకోదు. వచ్చే కరెంటు ఎంత బాగా చేసినా 8 మిల్లీఆంపియర్ల దగ్గర ఆగిపోతుంది. సోలార్ వైపు దీనికి పైకప్పు తక్కువ ఎత్తులోనే ఉంది, మీరెంత కష్టపడినా దాన్ని ఎత్తలేరు.

మధ్యలో ఉన్నది సీజియం లెడ్ అయోడైడ్. నానోక్రిస్టల్ రూపంలో 1.75 ఎలక్ట్రాన్ వోల్టులు, 20 మిల్లీఆంపియర్ల దాకా అవకాశం, వెలుగు ముదురు ఎరుపు. ఎండలో పర్వాలేదు, కంటికి పర్వాలేదు, రెండింటిలోనూ మొదటి స్థానం కాదు. అయినా జంట పరికరం చేయాలనుకునేవాళ్లకి నేను చెప్పేది దీన్నే, కారణం కింద వస్తుంది.

"అయోడైడ్, బ్రోమైడ్ కలిపి మంచి నారింజ ఎరుపు తెచ్చుకుంటే సరిపోదా" అని అడుగుతారు. కలపొచ్చు, నానోక్రిస్టల్స్‌లో కలపడం చాలా తేలిక కూడా. కానీ వెలుతురు పడినప్పుడు అయోడైడ్ అంతా ఒకచోటికి, బ్రోమైడ్ ఇంకోచోటికి జరిగిపోతాయి, దీన్ని స్టాన్‌ఫోర్డ్ వాళ్లు 2015లో చూపించారు, హోక్ ఎఫెక్ట్ అంటారు. దీపంగా మాత్రమే వాడితే కరెంటు వల్ల ఈ గొడవ, సోలార్‌గా మాత్రమే వాడితే ఎండ వల్ల ఈ గొడవ, జంట పరికరంలో రెండు వైపుల నుంచీ. బ్రోమైడ్ పాలు కొద్దిగా ఉంచి, రంగు కాలంతో జరుగుతోందా లేదా అని మొదటి రోజు నుంచే కొలుస్తూ వెళ్లగలిగితేనే ఆ దారికి వెళ్లండి.

నీలం జోలికి మాత్రం జంట పరికరం పేరుతో వెళ్లొద్దు. నీలం పెరోవ్‌స్కైట్ ఎల్‌ఈడీ ఒంటరిగానే ఆకుపచ్చ, ఎరుపుల కంటే చాలా వెనకబడి ఉంది, త్వరగా ఆరిపోతుంది. పైగా అంత పెద్ద బ్యాండ్‌గ్యాప్‌తో ఎండ నుంచి వచ్చేది దాదాపు ఏమీ ఉండదు.

నానోక్రిస్టలా, మామూలు ఫిల్మా

నానోక్రిస్టల్ లేకుండా కూడా జంట పరికరం చేయొచ్చు. స్పెయిన్‌లోని వాలెన్సియా యూనివర్సిటీలో హెంక్ బోలింక్ బృందం 2015లోనే మామూలు పెరోవ్‌స్కైట్ ఫిల్మ్‌తో సోలార్‌గానూ ఎల్‌ఈడీగానూ పనిచేసే పరికరం చేసింది. 2024లో స్వీడన్‌లోని లింషోపింగ్ యూనివర్సిటీలో ఫెంగ్ గావో బృందం చూపించిన డిస్‌ప్లే అయితే ఇంకా ఆసక్తిగా ఉంటుంది. పెరోవ్‌స్కైట్ పిక్సెళ్లే బొమ్మ చూపిస్తాయి, అవే వేలిముద్ర, వేలి స్పర్శ, నాడి, చుట్టూ ఉన్న వెలుతురు పసిగడతాయి, వెలుతురు నుంచి చార్జింగ్ కూడా చేయగలవు.

మీ ల్యాబులో మంచి గ్లవ్ బాక్స్ (గాలి, తేమ చొరబడని పెట్టె) ఉండి, స్పిన్ కోటింగ్ చేయి తిరిగినవాళ్లుండి, సోలార్ నంబరే ముఖ్యమైతే ఫిల్మ్‌తో వెళ్లండి. 18 శాతానికీ 26 శాతానికీ ఉన్న తేడా చిన్నది కాదు. నానోక్రిస్టల్‌కి ఉన్న లాభం వేరే చోట ఉంది. స్ఫటికం ముందే ఫ్లాస్కులో తయారైపోతుంది, పూత పూసేటప్పుడు స్ఫటికీకరణతో కుస్తీ పట్టక్కర్లేదు. రంగు, సైజు ముందే ఖాయం. ప్లాస్టిక్ మీదైనా, వంగే పలక మీదైనా వేడి చేయకుండా పూయొచ్చు. ప్రింటర్ సిరాలా చేసి పక్కపక్కనే వేరు రంగుల పిక్సెళ్లు వేయొచ్చు.

తయారీ కూడా పెద్ద సెటప్ అడగదు. ఆక్టాడెసీన్‌లో లెడ్ అయోడైడ్, ఓలిక్ ఆసిడ్, ఓలైల్ అమీన్ వేసి 150 డిగ్రీల పైన ఉంచి, సీజియం ఓలియేట్‌ని సిరంజితో ఒక్కసారిగా కొట్టి, ఐదారు సెకన్లలో ఫ్లాస్కుని ఐస్‌లో పెట్టేయాలి. ష్లెంక్ లైన్ (గాలి తగలకుండా రసాయనాలతో పనిచేసే గాజు గొట్టాల అమరిక) ఉన్న ఏ కెమిస్ట్రీ ల్యాబులోనైనా అయ్యే పని. అసలు కష్టం ఆ తర్వాత, శుభ్రం చేసే దగ్గర ఉంది. మన దగ్గర హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అనునయ్ సమంత బృందం ఈ నానోక్రిస్టల్స్ వెలుగు గురించి చాలాకాలం పనిచేసింది, చేరబోయే ముందు వాళ్ల పత్రాలు తిరగేస్తే లోపాలు, లిగాండ్ల సంగతి బాగా పట్టుబడుతుంది.

పెరోవ్‌స్కైటే వద్దు, సీసం వద్దు అనుకునేవాళ్లకి 2017లో ఇలినాయ్ యూనివర్సిటీ చూపించిన నానోరాడ్ (కడ్డీ ఆకారపు నానోక్రిస్టల్) ఎల్‌ఈడీలు ఉన్నాయి, వెలుగునిస్తూనే వెలుతురుని పసిగడతాయి. కానీ అందులో కాడ్మియం ఉంది, సీసం వద్దని కాడ్మియం దగ్గరికి వెళ్లడంలో అర్థం లేదు.

ఇంకో దారి ఉంది, ఇది నాకు బాగా నచ్చినది, జంట పరికరం అని పిలవరు గానీ వెలుగు, ఎండ రెండూ ఇందులోనూ ఉన్నాయి. ఇటర్బియం అనే లోహం కలిపిన సీజియం లెడ్ క్లోరైడ్ నానోక్రిస్టల్ ఒక ఊదా ఫోటాన్‌ని మింగి రెండు పరారుణ ఫోటాన్లు కక్కుతుంది, అంటే వెలుగు దిగుబడి 200 శాతానికి దగ్గరగా వెళ్తుంది. ఆ పరారుణం 990 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, సిలికాన్ బాగా పట్టుకునే చోటు. కాబట్టి మామూలు సిలికాన్ సెల్ మీద దీన్ని పూతలా పూస్తే చాలు. నానోక్రిస్టల్‌లో కరెంటు పారాల్సిన పనే లేదు, లిగాండ్ల తగువు మాయం. మీకు పరికరాల ఎలక్ట్రానిక్స్ కంటే కెమిస్ట్రీ ఇష్టమైతే, రెండేళ్లలో ఎంటెక్ ముగించాలంటే, ఇదే పట్టుకోండి.

ఎక్కడ వాడితే నిజంగా లాభం

ఫోన్ స్క్రీనే చార్జింగ్ చేసుకుంటుందన్న మాట వినడానికి బాగుంటుంది, లెక్క వేద్దాం. స్క్రీన్ 100 చదరపు సెంటీమీటర్లు అనుకోండి. ఆఫీసు గదిలో 500 లక్స్ వెలుతురు అంటే చదరపు సెంటీమీటరుకి సుమారు 150 మైక్రోవాట్లు. అందులో 20 శాతం పట్టుకున్నా మొత్తం 3 మిల్లీవాట్లు. ఫోన్ బ్యాటరీలో 19 వాట్ అవర్లు పడతాయి. నిండటానికి 6000 గంటలు పైమాటే, అంటే ఎనిమిది నెలలు దాటుతుంది. నడి ఎండలో పెడితే ఒక రోజు లోపు రావచ్చు, కానీ ఆ ఎండలో ఫోన్ ఉంచేదెవరు? ఫోన్ కోసం ఈ దారి ఎంచుకోకండి, ప్రపోజల్లో కూడా ఆ వాక్యం రాయకండి, లెక్క తెలిసిన రివ్యూయర్ అక్కడే ఆపేస్తాడు.

ఇప్పుడు చిన్న సెన్సర్ తీసుకోండి. కోల్డ్ స్టోరేజీలోనో ఆసుపత్రి వార్డులోనో ఉష్ణోగ్రత చూసి, అంతా బాగుందంటూ సెకనుకోసారి ఎర్రగా మిణుక్కుమనే పెట్టె. దాని ముఖం 10 చదరపు సెంటీమీటర్లు. అదే 500 లక్స్‌లో 20 శాతంతో 300 మైక్రోవాట్లు, రోజుకి పది గంటలు లైటు ఉంటే 3 మిల్లీవాట్ అవర్లు. ఎరుపు దీపానికి 2 వోల్టుల దగ్గర 5 మిల్లీఆంపియర్లు, అంటే 10 మిల్లీవాట్లు. సెకనులో నూరోవంతు మాత్రమే వెలిగితే రోజంతా కలిపి 2.4 మిల్లీవాట్ అవర్లు. సరిపోయింది, ఇంకా 0.6 మిగిలింది, సెన్సర్ బద్ధకంగా పనిచేసేదైతే దానికీ చాలు. బటన్ సెల్ మార్చే మనిషి అక్కర్లేదు.

అయోడైడ్ ఎంచుకోమని పైన చెప్పిన కారణం ఇదే. గదుల్లోని ఎల్‌ఈడీ వెలుతురులో పరారుణం ఉండదు, కాబట్టి దానికి సరిపోయే బ్యాండ్‌గ్యాప్ 1.5 కాదు, 1.8 నుంచి 1.9 మధ్య. సీజియం లెడ్ అయోడైడ్ నానోక్రిస్టల్ దానికి దగ్గర్లోనే ఉంది, వెలుగు కూడా కంటికి కనబడే ఎరుపే. సైజు ఇంకా తగ్గిస్తే బ్రోమైడ్ కలపకుండానే బ్యాండ్‌గ్యాప్ పెరిగి ఎరుపు మరింత కంటికి దగ్గరవుతుంది. ఎండలో రాజీ అనిపించినది నాలుగు గోడల మధ్య రాజీ కాదు. వాన లేదు, 65 డిగ్రీల ప్యానెల్ వేడి లేదు, వెలుతురు తక్కువ కాబట్టి క్షీణత కూడా నెమ్మదిగా ఉంటుంది.

మందం తగువుకి కూడా ఇలాంటి చోట ఒక ఉపాయం ఉంది. మొత్తం పొరని వెలిగించక్కర్లేదు. అదే సిరాతో ఒక మూల చిన్న పిక్సెల్ పలుచగా వేసి దీపానికి, మిగతాది మందంగా వేసి కరెంటుకి కేటాయించండి. ఒకే పదార్థం, ఒకే పలక, రెండు మందాలు. ప్రింటింగ్‌తో ఇది చేయొచ్చు, ఫిల్మ్‌తో ఇదే పని చాలా ఇబ్బంది. నానోక్రిస్టల్ తన ఖర్చుకి తగ్గ ఫలితం ఇచ్చేది ఇక్కడే అని నా అభిప్రాయం.

బయట పెట్టే బోర్డులు, రోడ్డు గుర్తులకి మాత్రం ఇప్పుడే వద్దు. రాయలసీమలో చదరపు మీటరుకి రోజుకి 5 యూనిట్ల పైన ఎండ పడుతుంది, 10 శాతం పరికరం అందులో అర యూనిట్ ఇస్తుంది, బోర్డు పైన పెట్టిన సిలికాన్ ముక్క అంతే జాగాలో యూనిట్ ఇస్తుంది, ఇరవై ఏళ్లు నిలుస్తుంది. బయటికెళ్లే ప్యానెల్ 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమలో 1000 గంటల పరీక్ష దాటాలి. నానోక్రిస్టల్ జంట పరికరాలకి అది ఇంకా దూరపు మాట.

మొదలుపెట్టే ముందు

సీసం గురించి భయపడండి, కానీ లెక్కతో భయపడండి. 500 నానోమీటర్ల పొరలో చదరపు మీటరుకి ఒక గ్రాము కంటే తక్కువే సీసం ఉంటుంది. పూర్తయిన పరికరం కంటే ల్యాబులో పనే ప్రమాదం, ఎందుకంటే లెడ్ నైట్రేట్, లెడ్ అయోడైడ్ నీళ్లలోనో వేరే ద్రావకాల్లోనో కరిగి చర్మానికి, చేతుల నుంచి నోటికి చేరతాయి. గ్లవ్స్ వేసుకోండి, కడిగిన మిథైల్ అసిటేట్‌ని సింకులో పోయకండి, విడిగా డబ్బాలో పెట్టి లేబుల్ వేయండి. జూనియర్లకి మొదటి రోజు నేర్పాల్సింది ఇదే.

పత్రాలు పోల్చేటప్పుడు ఒక్క విషయం మీద పట్టు వదలకండి: సోలార్ నంబరూ ఎల్‌ఈడీ నంబరూ ఒకే ముక్క మీద కొలిచారా, లేక ఒకే పదార్థంతో చేసిన రెండు వేర్వేరు పరికరాల మీద కొలిచారా? సగం పైగా గందరగోళం ఇక్కడే ఉంటుంది. ఒకే ముక్క అయితే తర్వాతి ప్రశ్న, సోలార్‌గా నడిపాక ఎల్‌ఈడీగా, మళ్లీ సోలార్‌గా, ఇలా ఎన్నిసార్లు తిప్పారు? పెరోవ్‌స్కైట్‌లో అయాన్లు కదులుతాయి, వోల్టేజీ ఇచ్చి దీపంగా నడిపినప్పుడల్లా అవి ఒక పక్కకి జరుగుతాయి, ఆ వెంటనే తీసిన సోలార్ కొలత వేరుగా వస్తుంది. మీరు చేసేటప్పుడు కనీసం పగలు రాత్రి లయలో కొన్ని రోజులు తిప్పి, ప్రతి మలుపు దగ్గరా రెండు కొలతలూ తీసి ఒకే గ్రాఫులో వేయండి. ఒక్కసారి వచ్చిన పెద్ద నంబరు కంటే ఆ గ్రాఫుకే నేను ఎక్కువ విలువిస్తాను, మీ గైడ్ కూడా ఇస్తారు.